కంప్యూటరు నిదానము

మన భాషలో ‘నిదానము’ అను మాటకు రెండర్థములు కలవు. వాడుకలో నిదానమనగా నెమ్మది. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణమును కనుగొనుట. ‘మాధవనిదానము’ అను వైద్యగ్రంథమునకు ఆ పేరు ఈ రెండవ అర్థమునుబట్టియే వచ్చినది. ఇంటిలోని కంప్యూటరు మొదటి అర్థమున నిదానమైనపుడు మనము చేయవలసినది రెండవ అర్థమున నిదానమే.

తాండూరుకు చేరువనున్న పెద్దేముల్‌లో నా మిత్రుడొకడు కందిసేద్యము చేయుచున్నాడు. గత వేసవిలో ఆయన నన్ను పిలిపించి, “ఆరేండ్ల కిందటి కంప్యూటరు సారూ. ఒక్క అక్షరం పడేటాలకు పానం పోతున్నది. కొత్తది కొందామంటున్నడు మా పిల్లగాడు” అనెను. ఆయన కుమార్తెకు కళాశాల ప్రవేశపు దరఖాస్తు పంపుటకు మూడు దినములే గడువు మిగిలియున్నది. ఆమె ధ్రువపత్రముల ప్రతులన్నియు ఆ పెట్టెలోనే యున్నవి. గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ మాత్రము, “ఎద్దు కుంటితే గిట్టల ముల్లున్నదేమో చూడాలె గాని, అంగట్ల అమ్ముతరా బిడ్డా?” అనెను. నేను చెప్పదలచినదంతయు ఆ ఒక్క మాటలోనే యున్నది.

మొట్టమొదట చేయవలసినది చికిత్స కాదు, రక్షణ. యంత్రము నెమ్మదించుట ఒక్కొక్కపుడు హార్డు డిస్కు చెడిపోవుటకు ముందుసూచన. డిస్కునుండి టకటకమను శబ్దము వచ్చినచో అనుమానము మరింత బలపడును. కనుక పత్రములను, ఛాయాచిత్రములను ముందుగా వేరొక చోటికి ఎక్కించుకొనవలెను. మేమును ఆ అమ్మాయి పత్రములను మొదట ఒక పెన్ డ్రైవులోనికి చేర్చితిమి.

పిదప అడుగవలసిన ప్రశ్న: నెమ్మది ఎప్పుడు? ఇంటర్నెట్టు చూచునపుడు మాత్రమే నెమ్మదిగా నుండి, తక్కిన పనులు చురుకుగా సాగుచున్నచో, దోషము యంత్రమున గాక వచ్చుచున్న లైనులో ఉండవచ్చును. అన్ని వేళల నెమ్మదియైనచో ఒకసారి ‘రీస్టార్టు’ చేసి చూడవలెను. విండోసులో ‘షట్ డౌన్’ చేసినను పలు యంత్రములు వెనుకటి స్థితిలో కొంత భాగమును దాచుకొనును. రీస్టార్టు చేసినపుడే అది పూర్తిగా తొలగును.

అటుపై కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో ‘టాస్క్ మేనేజర్’ అను పట్టిక తెరచుకొనును. నాడి చూచుట యనగా ఇదియే. ప్రాసెసరు, మెమరీ, డిస్కు నూటికి ఎంత భారము మోయుచున్నవో అందు కనబడును.

మెమరీ మనము పని చేసికొను బల్ల వంటిది; డిస్కు అటక వంటిది. బల్ల చాలనపుడు సామానును మాటిమాటికి అటకపై పెట్టి దించుకొనవలసి వచ్చును. 4 జీబీ మెమరీగల యంత్రమున నాలుగైదు పుటలు ఒకేసారి తెరచినచో జరుగునది ఇదియే. అక్కరలేనివి మూసివేయుట, యంత్రముతోపాటు తామును మేల్కొను ప్రోగ్రాములను అదే పట్టికలోని ‘స్టార్టప్’ భాగమున ఆపుట, వీలైనచో మెమరీని పెంచుట దీనికి మందులు.

డిస్కు ఎల్లపుడు నూటికి నూరు చూపుచున్నచో, అది తిరుగుడు పళ్లెముగల పాత హార్డు డిస్కు కావచ్చును. నిమిషమునకు 7,200 సార్లు తిరిగినను, ఒక్క చుట్టునకు సెకనులో వేయింట ఎనిమిది వంతులకు పైగా పట్టును. చెల్లాచెదరైన వేల ముక్కలను ఏరునపుడు ఆ నిరీక్షణయంతయు కూడుకొనును. కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి.ని అమర్చినచో పాత యంత్రమును చురుకుగా లేచును.

మా విషయమున అసలు గుట్టును ఆ అమ్మాయియే చెప్పెను. “పొద్దున పెట్టిన పావుగంట మంచిగనే ఉంటది. తర్వాత పంఖా మోత మొదలైతది. అప్పటిసంది నత్తనడక” అనెను. పట్టికలోని ‘పెర్ఫార్మెన్సు’ పుటలో ప్రాసెసరు వేగమును చూచుచు కూర్చుంటిమి. పంఖా మోగిన కొంతసేపటికి అది సగమునకు దిగిపోయెను. ప్రాసెసరు మితిమీరి వేడెక్కినపుడు, తాను మాడిపోకుండుటకు తన వేగమును తానే తగ్గించుకొనును. అది రోగము కాదు, ఆత్మరక్షణ.

వేడికి కారణమేమి? తాండూరు సీమ నాపరాతికి పేరుపడినది. బండలు మోయు లారీలు ఆ యింటి ముందరి బాటనే పోవును. పెట్టె నేలమీదనే యున్నది. పక్క రేకు విప్పి చూడగా పంఖా వెనుక తెల్లని దుమ్ము దూదివలె పేరుకొనియున్నది. విద్యుత్తు తీగను పూర్తిగా తీసివేసి, పంఖా రెక్కలు తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని పొడి కుంచెతో దులిపితిమి. తడిగుడ్డ పెట్టరాదు. ల్యాప్‌టాపైనచో విప్పుట తెలిసినవారికి వదలుట మేలు. పెట్టెను పీటపైకి ఎక్కించితిమి. ఆ రాత్రియే దరఖాస్తు వెళ్లినది.

యంత్రము లేచుటకు ఇంకను ఆలస్యమగుచునే యున్నది. అది పాత డిస్కు దోషము. కందులు అమ్మిన పిదప మార్పింతునని మిత్రుడు చెప్పినాడు. కొత్త యంత్రపు వెలలో అది కొద్ది భాగమే.

ఒక్క హెచ్చరిక. “మీ కంప్యూటరును వేగపరచెదము, మాకు అప్పగింపుడు” అని ఫోనులో పలుకు అపరిచితులను నమ్మవలదు. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను.

శ్రోతలారా, యంత్రము నిదానించినపుడు మనమును కొంత నిదానింతము. గిట్టలో ముల్లు దొరికినచో, అంగడికి పోవు పని తప్పును.