శ్రమ యంత్రమునకు, బాధ్యత మనుజునకు

వైద్యుడు రోగి నెత్తురును పరీక్షకు పంపినపుడు, తిరిగి వచ్చు అంకెపై ఒక ప్రాణము ఆధారపడియుండును. 1950 ప్రాంతమున ఆ అంకె మనుష్యుని చేతినుండియే రావలసియుండెను. ఒక్కొక్క నమూనాను కొలిచి, రసాయనము కలిపి, రంగు చూచి, లెక్క వ్రాయవలెను. నమూనాలు పెరిగినకొలది చేయి అలయును. అలసిన చేయి తప్పుట సహజము.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేయుచుండిన లెనార్డ్ స్కెగ్స్ అను జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును తీర్ప పూనుకొనెను. ఆయన 1948 నాటికే జాక్ లెనార్డ్స్‌తో కూడి ఒక కృత్రిమ మూత్రపిండమును రూపొందించినవాడు. పిమ్మట తన దృష్టిని పరీక్షాయంత్రమువైపు మరల్చెను.

ఆ యంత్రమునందు నమూనాలు సన్నని గొట్టములో ఒకదానివెంట నొకటి సాగును. పొలముల నడుమ గట్లవలె గాలిబుడగలు నడుమ నిలిచి వానిని కలియనీయవు. కృత్రిమ మూత్రపిండమున వాడినట్టి పలుచని పొరయే ఇచ్చటను వడపోతకు ఉపకరించెను. నేర్చిన పాతవిద్య క్రొత్తపనిలో అక్కరకు వచ్చెను. 1957లో టెక్నికాన్ సంస్థ దానిని ఆటోఎనలైజర్ అను పేర విక్రయమునకు తెచ్చెను.

అయినను యంత్రము సర్వజ్ఞము కాదు. విలువ ముందే తెలిసిన ద్రవమును నడుమనడుమ పంపి సరిచూచుచుండవలెను. చిట్టాలో తొలి పద్దు తప్పినచో తుది మొత్తము తప్పునట్లు, ఆ ప్రమాణము తప్పినచో రోగులందరి అంకెలును తప్పును. శ్రమను యంత్రమునకు అప్పగింపవచ్చును, బాధ్యతను అప్పగింపరాదు. ఈ గ్రంథాలయమున శాస్త్రగ్రంథములు చదువు యువజనులు ఈ మాటను మరువకుందురు గాక!