చెరిపివేయవలసినది ఏది?

వంటింట్లో పని చేసుకుంటూ వింటున్నవారు, ఆసుపత్రిలో రోగి మంచం పక్కన కూర్చుని వింటున్నవారు, ఈ కొద్ది నిమిషాలు నాతో ఉండండి. మీ దగ్గర బైబిలు ఉంటే యిర్మీయా గ్రంథములో 28వ అధ్యాయము, 36వ అధ్యాయము తీసి పెట్టుకోండి. వాటి దగ్గరకు వస్తాను. అంతకంటే ముందు మీ చేతిలో ఉన్న ఫోను గురించి మాట్లాడాలి.

2020 ఏప్రిల్ నెల మీకు జ్ఞాపకముండే ఉంటుంది. దేశమంతా లాక్‌డౌన్. చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలములోని ఒక పల్లెలో, ఉమ్మెత్త కాయల రసం తాగితే కరోనా రాదని టిక్‌టాక్‌లో వచ్చిన వీడియో చూసి పదిమంది దాకా ఆ రసం తాగారు. అందరూ ఆసుపత్రి పాలయ్యారు. దేవుని కృప వలన ప్రాణాలతో బయటపడ్డారు. ఉమ్మెత్త విషమని మన పల్లెల్లో పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. అయినా తాగారు. వారిని తెలివితక్కువవారని నేను అనను. భయం అటువంటిది. తెలిసినదాన్ని మరిపించి, విన్నదాన్ని నమ్మిస్తుంది. అవే నెలల్లో ఇరాన్ దేశములో సారాయి తాగితే వైరస్ చస్తుందన్న మాట నమ్మి, మిథనాల్ కలిసిన కల్తీ సారాయి తాగి కొన్ని వందలమంది చనిపోయారు.

అందుకే 2020 ఫిబ్రవరిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ గారు, మనము రోగముతో మాత్రమే కాదు, తప్పుడు సమాచారపు వెల్లువతో కూడా పోరాడుతున్నామని హెచ్చరించారు. ఫేస్‌బుక్, యూట్యూబ్, ట్విట్టర్ కంపెనీలు నియమాలు పెట్టాయి. కొన్ని పోస్టులు తీసేశారు. కొన్నిటి కింద హెచ్చరిక అంటించారు. కొన్ని ఎక్కువమందికి కనబడకుండా చేశారు. వాట్సాప్‌లో మన మాటలను కంపెనీ కూడా చదవలేదు కాబట్టి వారు వేరే దారి పట్టారు. చాలాసార్లు చేతులు మారి వచ్చిన మెసేజిని ఒకసారికి ఒక్కరికే, లేదా ఒక్క గ్రూపుకే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో కట్టడి చేశారు. దానితో అటువంటి మెసేజిల పంపకం 70 శాతం తగ్గిందని ఆ కంపెనీయే చెప్పింది. ఎవరి నోరూ మూయలేదు, ఏ మాటా చెరపలేదు, వేగం తగ్గించారు అంతే. నాకైతే అది తెలివైన పని అనిపించింది.

ఇంతవరకు విని మీరు, "మంచిపనే కదా అయ్యగారూ, ఇంకేమిటి సందేహం?" అని అడగవచ్చు. ఆగండి.

చైనాలో ఊహాన్ పట్టణములో లీ వెన్‌లియాంగ్ అనే కంటి డాక్టరు ఉండేవాడు. 2019 డిసెంబరు 30న తనతో చదువుకున్న డాక్టర్ల గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు. సార్స్ లాంటి జబ్బుతో మా ఆసుపత్రికి ఏడుగురు వచ్చారు, జాగ్రత్తగా ఉండండి అని దాని భావము. నాలుగు రోజులు తిరక్కముందే, జనవరి 3న, పోలీసులు పిలిపించి, నువ్వు అబద్ధాలు పుట్టించి శాంతికి భంగము కలిగించావని కాగితము మీద సంతకము చేయించుకున్నారు. అతడు తిరిగి డ్యూటీకి వెళ్లాడు. ఒక రోగి ద్వారా ఆ జబ్బే అతనికి అంటుకుంది. 2020 ఫిబ్రవరి 7న చనిపోయాడు. మార్చిలో ప్రభుత్వము ఆ మందలింపును రద్దు చేసి అతని కుటుంబానికి క్షమాపణ చెప్పింది. వదంతి అని కొట్టివేసినది నిజమైంది. అప్పటికి ఆ నిజము చెప్పినవాడు లేడు.

అది నిరంకుశ దేశము, అక్కడ అంతే అనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 మార్చి 28న, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదు, ఇది వాస్తవము అని ట్విట్టర్‌లో ప్రకటించింది. తరువాత గాలి ద్వారా కూడా వస్తుందని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ సంస్థవారు దురుద్దేశముతో చెప్పారని నేను అనడములేదు. కానీ చూడండి, ఆ సంస్థ చెప్పినదానికి విరుద్ధముగా ఉన్న వైద్య సమాచారము తీసేస్తామని 2020 మే నెలలో యూట్యూబ్ నియమము పెట్టింది. ఆ నియమాన్ని అక్షరాలా పాటిస్తే, గాలి వలన వస్తుంది, కిటికీలు తెరవండి అని చెప్పిన శాస్త్రవేత్త గతి ఏమిటి? ఈ వైరస్ మనుషులు తయారు చేసినదన్న పోస్టులు తీసేస్తామని ఫేస్‌బుక్ 2021 ఫిబ్రవరిలో చెప్పి, మే నెలలో ఆ మాట వెనక్కు తీసుకుంది. ఆ వైరస్ ఎక్కడ పుట్టిందన్న వాదము ఇంకా తెగలేదు. తెగని వాదాన్ని తెగినట్టు చూపించారు. అనుమానము పెరిగింది. అనుమానము పెరిగినచోట మంచి డాక్టరు మాట కూడా చెవికెక్కదు.

మన దేశము సంగతి కూడా చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్‌లో ఆక్సిజన్ లేక, పడకలు లేక మన ప్రజలు ట్విట్టర్‌లో మొరపెట్టుకుంటున్న రోజుల్లోనే, కోవిడ్ విషయములో తనను విమర్శించిన కొన్ని పోస్టులు తీసివేయమని కేంద్ర ప్రభుత్వము ఆ కంపెనీకి చెప్పింది. ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఇంటర్నెట్‌లో తమ బాధ చెప్పుకునే పౌరుల మీద చర్య తీసుకుంటే కోర్టు ధిక్కారముగా భావిస్తామని హెచ్చరించింది. ఆ రోజుల్లో మీలో ఎంతమంది సిలిండరు కోసము మెసేజిలు పెట్టలేదు? నేను పెట్టాను. అది తప్పుడు సమాచారమని ఎవరైనా చెరిపేసి ఉంటే?

ఇప్పుడు యిర్మీయా దగ్గరకు రండి. 36వ అధ్యాయములో యెహోయాకీము రాజు తొమ్మిదవ నెలలో చలికాలపు నగరులో కూర్చున్నాడు. ఎదురుగా కుంపటి మండుతూ ఉంది. బారూకు వ్రాసిన గ్రంథపు చుట్టను యెహూది చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ భాగము కోసి నిప్పుల్లో వేస్తున్నాడు. మళ్లీ చదవడము, మళ్లీ కోయడము. వద్దని ముగ్గురు అధికారులు బతిమాలారు, వినలేదు. చుట్ట అంతా బూడిద అయ్యింది. కానీ పట్టణము మీదకు రాబోయే కీడు కాలలేదు. బారూకు మరొక చుట్ట తీసుకుని అన్నీ తిరిగి వ్రాశాడు, ఇంకా కొన్ని మాటలు చేర్చి మరీ వ్రాశాడు.

దాదాపు పదేళ్ల తరువాత సంగతి 28వ అధ్యాయములో ఉంది. హనన్యా అనే ప్రవక్త మందిరములో యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట నిలబడి, రెండే రెండు సంవత్సరాల్లో బబులోను కాడి విరిగిపోతుంది, చెరపట్టబడినవారు తిరిగి వస్తారు అన్నాడు. యిర్మీయా మెడ మీది కాడిని తీసి అందరి ముందు విరిచాడు కూడా. ప్రజలకు ఎంత తియ్యటి మాట! మాత్రలు అవసరము లేదు, పత్యము అవసరము లేదు, వారము రోజుల్లో షుగరు మాయము అన్నట్టు. యిర్మీయా ఏమి చేశాడు? హనన్యా నోరు మూయించమని ఎవరినీ అడగలేదు. ఆమేన్, అలాగే జరిగితే ఎంత బాగుండును అన్నాడు. అయితే మాట నెరవేరినప్పుడు కదా ఎవరు నిజమైన ప్రవక్తో తెలిసేది అని గుర్తు చేశాడు. తన దారిన తాను వెళ్లిపోయాడు. తరువాత దేవుని వాక్కు వచ్చినప్పుడు తిరిగి వచ్చి, నీవు ఈ ప్రజలను అబద్ధము నమ్మేలా చేస్తున్నావు అని ముఖాముఖిగా చెప్పాడు. పేరు పెట్టి, ఎదుట నిలబడి, కారణము చూపించి చెప్పాడు.

నా మనస్సులో ఉన్నది చెబుతాను. ఉమ్మెత్త రసము వంటిది, ఈ పూట తాగితే ఈ పూటే ప్రాణము పోయేది, తీసివేయవలసిందే. బావి మీద మూత వేయడాన్ని ఎవరూ అణచివేత అనరు. తక్కినవాటికి చాకుకంటే గుర్తు మేలు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండుమంది పిల్లలను చూపించి, తట్టు టీకాకూ ఆటిజానికీ సంబంధము ఉన్నట్టు వ్రాశాడు. ఎన్నో దేశాల్లో తల్లిదండ్రులు బెదిరిపోయారు. 2010లో ఆ పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. అయితే దాన్ని మాయము చేయలేదు. ఉపసంహరించబడినది అన్న ముద్రతో ఇప్పటికీ అక్కడే ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు, ఎందుకు తప్పో కూడా చదువుకోవచ్చు. పన్నెండేళ్లు పట్టిందే అని నాకు బాధగానే ఉంది. ఆ ఆలస్యానికి పిల్లలు మూల్యము చెల్లించారు. అయినా ఆ పద్ధతిలో దాపరికము లేదు.

కంపెనీలు ఇప్పుడు రెండవ పక్కకు ఒరుగుతున్నాయి. ట్విట్టర్ 2022 నవంబరులో కోవిడ్ నియమాన్ని ఎత్తివేసింది. 2021లో అమెరికా ప్రభుత్వము తమ మీద ఒత్తిడి తెచ్చిందని ఫేస్‌బుక్ యజమాని జుకర్‌బర్గ్ 2024 ఆగస్టులో వ్రాశాడు. 2025 జనవరిలో అమెరికా వరకు బయటి సంస్థల చేత నిజనిర్ధారణ చేయించే పద్ధతిని ఆపివేస్తున్నట్టు ప్రకటించాడు. ఒకప్పుడు అతిగా కోశారు, ఇప్పుడు చాకే పారేస్తున్నారు. మనకోసము ఎవరో కాపలా ఉంటారని అనుకోవడానికి లేదు.

ఒక మాట, క్రైస్తవులముగా మనము వినవలసినది. మందులు మానండి, విశ్వాసము చాలు అని చెప్పిన బోధకుని వీడియో తీసివేస్తే కొందరు హింస, హింస అని కేకలు వేస్తారు. పౌలుతో ప్రయాణము చేసిన లూకా వైద్యుడు. హిజ్కియా రాజుకు స్వస్థత వాగ్దానము వచ్చిన తరువాత కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. (రేపు ఎవరో ఆ అంజూరపు ముద్దను కూడా ఫార్వర్డ్ చేస్తారేమో, దయచేసి చేయకండి.) సువార్త కోసము శ్రమపడడము వేరు, షుగరు రోగి చేత ఇన్సులిన్ మాన్పించి మందలింపు తినడము వేరు.

ఇక నా సంగతి. చెప్పడము సులువు కాదు. 2021 ఏప్రిల్ చివరి వారములో మా సంఘములో శుక్రవారము ఉపవాస కూటము జరిగింది. సోమవారము మా సంఘపు వాట్సాప్ గ్రూపులో, నర్సుగా పని చేసే ఒక చెల్లెలు మెసేజి పెట్టింది. కూటానికి వచ్చినవారిలో ముగ్గురికి జ్వరము ఉంది, మిగిలినవారు పరీక్ష చేయించుకోండి, ఆదివారము కూడిక ఆపితే మంచిది అని. నాకు కోపము వచ్చింది. భయము పుట్టిస్తోంది అనుకున్నాను. అడ్మిన్లు మాత్రమే మెసేజిలు పెట్టేలా గ్రూపును మూసివేశాను. ఆమె మెసేజికి జవాబు లేదు. దాని పైన, రెండు రోజుల ముందు ఒక పెద్దాయన పంపిన కషాయము మెసేజి, తాగితే ఊపిరితిత్తులు కడిగినట్టు అవుతాయన్నది, అలాగే ఉంది. దాని కింద నేనే చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

ఆదివారము కూడిక జరిగింది. తరువాతి రెండు వారాల్లో మా సంఘములో పదకొండు ఇళ్లలో జ్వరాలు. ఒక తల్లి ఆసుపత్రి నుండి తిరిగి రాలేదు. ఆమెకు మా కూడికలోనే అంటుకుందో లేదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. కుంపటి ముందు కూర్చున్న రాజు కథ అప్పటికి ఎన్నోసార్లు బోధించినవాడిని నేను.

జూన్‌లో నేను, నా భార్య ఆ నర్సు ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాము. ఆమె టీ పెట్టి ఇచ్చింది. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, నేను చెప్పింది తప్పయి ఉండవచ్చు కూడా. మీరు ఒక్కసారి ఫోను చేసి, ఎలా తెలుసమ్మా అని అడిగితే బాగుండేది" అంది.

ఆ రోజు నుండి మా గ్రూపు తెరిచే ఉంది. అడ్మిన్‌గా ఆమెను కూడా పెట్టాము. ప్రమాదము అనుకున్నది తీసివేస్తే, ఏమి తీశామో, ఎందుకు తీశామో అక్కడే వ్రాస్తాము. తీయనివాటి కింద ఆమె జవాబు పెడుతుంది. కొందరికి ఆమె మీద కోపము ఉంది, ఒక కుటుంబము గ్రూపు విడిచి వెళ్లింది.

మొన్న బుధవారము ఆ కషాయపు పెద్దాయనే మళ్లీ ఒక వీడియో పెట్టారు. ఏదో ఆకు రసముతో నలభై రోజుల్లో షుగరు మాత్రలు మానవచ్చునని. చెల్లెలు కింద జవాబు వ్రాసింది. నేను ఫోను చేసి, "అయ్యా, మీకు ఎలా తెలుసు?" అని అడిగాను. "నేను మానేసి పన్నెండు రోజులయ్యింది పాస్టరు గారూ, బాగానే ఉన్నాను" అన్నారు. ఈ ప్రసంగము రికార్డు చేయించి, ఇక్కడి నుండి నేరుగా ఆయన ఇంటికి వెళుతున్నాను. చెల్లెలు షుగరు చూసే మిషను తీసుకుని వస్తానంది. ఆయన కోసము, మా కోసము ప్రార్థన చేయండి.