ఎత్తు పునాది యిండ్లకు చెదల నివారణము



పునాది మూడడుగు లెత్తించితిమి గదా, యిక చెదల భయము లేదని మీలో పలువురు తలంచుచున్నారు. అది సరిగాదు. చెదపురుగు మేను మెత్తనిది; ఎండకును గాలికిని తాళజాలదు. కావున మట్టితో గొట్టము కట్టుకొని, దాని లోపలనే యెంత యెత్తైనను ప్రాకి దూలములను, విత్తనపు గాదెను, పట్టా కాగితముల పెట్టెను జేరును.

ఇంటి యడుగున కన్నులతో చూడవీలున్నదా లేదా యని ముందు విచారింపవలెను. రాతి స్తంభములపై నిలిచి క్రింద బోలుగానున్న యింటికి, ప్రతి స్తంభము తలపైని జింకు రేకు పరచి, దాని యంచును రెండంగుళములు వెలికి సాచి క్రిందికి వంచుట మేలు. రేకు చెదలను జంపదు. గొట్టమును వెలుపలికి మరల్చి మన కంటబడజేయును. అప్పుడప్పుడు దీపము పట్టి చూడనివానికి రేకు ఖర్చు దండుగ.

గోడకానించి గడ్డియు పిడకలును పేర్చినచో రేకున్నను గొట్టము కానరాదు.

మట్టితో నింపిన పునాది సంగతి వేరు. గచ్చు వేసినపిదప లోపల చూచుటకు వీలులేదు గనుక, అంతకు మునుపే మందునీరు పోయవలెను. క్లోరిపైరిఫాస్ 20 శాతపు మందు 1 లీటరును 19 లీటర్ల నీట గలిపి, చదరపు మీటరు మట్టికి 5 లీటర్లు పట్టించవలెను. చేతులకు తొడుగులు వేసికొనుడు. బావి దాపున పోయకుడు. కట్టియున్న యింటికి గోడ వెంబడి అడుగున కొకటిగా రంధ్రములు చేసి పోయుదురు. దానికి వ్యయము హెచ్చు.

పూర్వము వాడిన ఆల్డ్రిన్ మన దేశమున 1996లో నిషేధింపబడినది. పాతడబ్బాలు మిగిలియున్నను ముట్టరాదు.