తూకంలో కట్టెలెన్ని, నీళ్లెన్ని?

(మైలవరంలో జరిగిన మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వంటచెరకు గురించి మాట్లాడమన్నారు. హక్కుల సభలో పొయ్యి గోల ఏమిటని ఒకరిద్దరు నవ్వారట. పొద్దునా సాయంత్రం పొయ్యి ముందు కూర్చునేవాళ్లకి మాత్రం అది నవ్వులాట కాదు.

ముందు నా సంగతే చెబుతాను. మా ఇంట్లో ఒక ఇనప పొయ్యి ఉంది. కట్టెలు, పిడకలు, పత్తి కట్టె, బొగ్గు, ఏది వేసినా మండుతుందని చెప్పి అమ్మారు. కొన్నది మా ఆయన. వండేది నేను. ఒక ఏడాది మామిడి కాపు అయిపోయాక తోటల్లో కొమ్మలు కొట్టారు. అడితిలో కట్టె చవగ్గా ఉందని రెండు క్వింటాళ్లు తోలించుకున్నాను. వారం తిరక్కుండా వానలు పట్టుకున్నాయి. పొయ్యిలో పెడితే కట్టె చివర నురుగు కక్కుతూ బుస్సుమనేది. ఎసరు మరగదు. వంటిల్లంతా పొగ. అత్తయ్యగారికి దగ్గు ఎక్కువై వసారాలోకి మంచం మార్చాం. “నీకు పొయ్యి రాజెయ్యడం చేతకాదు” అన్నారు ఇంట్లో. చాలాకాలం నేనూ అదే నిజమనుకున్నాను.

నా చేతకానితనం కాదమ్మా అది, తూకంలో ఉన్న మోసం. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. బాగా ఎండిన కట్టెలో అయిదో వంతు, ఇంకా తక్కువ. అంటే పది కిలోల పచ్చికట్టెకు డబ్బిస్తే అయిదు కిలోల నీళ్లు కొన్నట్టు. అంతటితో పోదు. ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా మంట వేడి కట్టెకే ఖర్చవుతుంది, గిన్నెకు అందదు. మంట చల్లబడి సరిగా కాలని కట్టే పొగై మన కళ్లలోకీ ఊపిరితిత్తుల్లోకీ వస్తుంది. చవక బేరం అనుకున్నది మూడు విధాల నష్టం. పైగా మన మామిడి ప్రాంతంలో కట్టె చవకయ్యేది వానలకు ముందే. ఎండబెట్టే వ్యవధి ఉండదు, పైన కప్పు ఉన్న చోటూ ఉండదు.

పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అలాంటి చోట బొగ్గు కొంటే నమూనా తీసి తేమ ఎంత, బూడిద ఎంత, వేడి ఎంత అని పరీక్ష చేస్తారు. ధర ఆ నాణ్యతను బట్టే. ఆడదాని పొయ్యిలోకి వచ్చే కట్టెకు ఆ మర్యాద ఎందుకు లేదు? మనమే పరీక్ష చేద్దాం. ఎండిన కట్టెకు కొనల్లో పగుళ్లుంటాయి, బెరడు చేతికి ఊడివస్తుంది, రెండు ముక్కలు కొట్టి చూస్తే ఖంగుమంటుంది. పచ్చిది దబ్బుమంటుంది. అనుమానముంటే ఒక ముక్కకు సుద్దతో గుర్తు పెట్టి కొట్లో తూయించండి. ఎండలో పెట్టి వారం వారం తూయించండి. బరువు తగ్గడం ఆగిందాకా అది ఎండనట్టే. కొనేది వేసవి మొదట్లో కొనాలి, సన్నగా చీల్చి, నేలకు తగలకుండా పేర్చాలి.

ఇక మిగతావి. పత్తి కట్టె, కంది కట్టె భగ్గున మండి ఆరిపోతాయి, మనిషి పొయ్యి వదిలి కదలలేదు. సరుగుడు, సర్కారు తుమ్మ నిలిచి కాలతాయి. పిడకల పొగ సంగతి మీకు చెప్పక్కర్లేదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు, టైరు ముక్కలు ఊరికే వచ్చాయని పొయ్యిలో పెట్టకండి. బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో పెట్టుకుని పడుకోకండి. బొగ్గునుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పొగ గురించి ఎవరూ పట్టించుకోలేదని కాదు. 1950ల్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజుగారు పొగగొట్టం ఉన్న పొయ్యి తయారుచేశారు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టింది. మా వీధిలో అలాంటివి కొన్ని చూశాను. గొట్టం మసి పట్టి మూసుకుపోతే పైకెక్కి దులపడం ఎవరి పనో ఎవరూ చెప్పలేదు. మొగవాళ్లు తమది కాదనుకున్నారు.

గ్యాస్ వచ్చింది కదా, ఇంకా కట్టెల మాటేమిటి అంటారు. 1999లో దీపం పథకం కింద సంఘాల మహిళలకు కనెక్షన్లిచ్చారు. 2016లో ఉజ్వల వచ్చింది. 2024 నవంబరులో దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. మంచిదే. అయితే మొదలుపెట్టినప్పటి పద్ధతి చూడండి. ముందు పూర్తి డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. కూలికి వెళ్లే మనిషి ఏ రోజు కూలితో ఆ రోజు బియ్యం కొంటుంది, కట్టెలూ అలాగే మోపు మోపుగా కొంటుంది. బండ మాత్రం విడిగా అమ్మరు. మా పక్కింటి వదిన బండను మూలన పెట్టి, చుట్టాలొచ్చినప్పుడే వెలిగిస్తుంది. ఆమెకు గ్యాస్ వాడడం రాదని, పాత అలవాటు పోదని సర్వేకు వచ్చినవాళ్లు రాసుకుపోయారు. చేతిలో డబ్బు ఏ రోజు ఉంటుందమ్మా అని ఒక్కరూ అడగలేదు. అయిదు కిలోల చిన్న బండ కూడా ఉంది. అది ఊళ్లో అందుబాటులో ఉంచమని మన సంఘాలు అడగాలి.

బండ తీసుకునేటప్పుడూ తూకం అడగండి. ఖాళీ బండ బరువు దానిమీదే రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే వచ్చేది నిండు బండ బరువు. తెచ్చిన అబ్బాయిని తూచి చూపించమనడం మన హక్కు, సిగ్గుపడే పని కాదు. పెద్ద బండను మండుతున్న కట్టెల పొయ్యి ఉన్న గదిలో పెట్టకండి.

కట్టెలకు పోయినవాళ్ల గంటలు, మోపు ఎత్తిన మెడనొప్పి ఏ ఖర్చులోనూ రాయం. ఒక నెల రాసి చూడండి. కొన్న కట్టెకు రూపాయలు, ఏరిన కట్టెకు పోయిన పూటలకు కూలి, రెండూ కలిపి బండ ధర పక్కన పెట్టండి. నేను రాశాను. ఆ కాగితం ఇంట్లో చూపించాక పొయ్యి ఊదడం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా అత్తయ్యగారే ముందుగా “బండ బుక్ చెయ్యి” అన్నారు.

బయట వేపచెట్టు కింద కాటా ఒకటి తెచ్చి పెట్టాం. నిన్న కొట్టిన మామిడి ముక్కొకటి, పోయినేడాది ముక్కొకటి, ఒకే పొడుగు, ఒకే లావు. భోజనాలయ్యాక వచ్చి రెండూ తూచి చూడండి.