అడగని అప్పు

(స్త్రీల ఆర్థిక హక్కులపై కార్యకర్తల కోసం జరిగిన రెండు రోజుల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ ఇక్కడ ఆస్తి హక్కు గురించి, భరణం గురించి, సమాన వేతనం గురించి మాట్లాడుకున్నాం. నన్ను అప్పు గురించి మాట్లాడమన్నారు. పత్రం రాసుకుందామని కూర్చున్న వారంలోనే మా ఇంటికి పోస్టులో ఒక కవరు వచ్చింది. పత్రం పక్కన పెట్టాను. ఆ కవరు గురించే మాట్లాడతాను.

దళసరి కాగితం మీద నా జీతం పడే బ్యాంకు రాసిన ఉత్తరం అది. లక్షన్నర రూపాయల పరిమితితో మీకు క్రెడిట్ కార్డు ముందుగానే మంజూరైంది, సంతకం చేసి పంపితే చాలు, మొదటి ఏడాది రుసుము లేదు అని సారాంశం. తోడుగా ఒక రంగుల కాగితం. రెండు చేతుల్లోనూ సంచులతో నవ్వుతున్న స్త్రీ. స్వేచ్ఛ అనే మాట ఆ కాగితంలో మూడుసార్లు ఉంది. వడ్డీ అనే మాట వెతగ్గా వెతగ్గా వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది.

మామూలుగా ఇలాంటివి చెత్తబుట్టలో వేస్తాను. దీన్ని మాత్రం వారం రోజులు బల్ల మీదే ఉంచుకున్నాను. ఎందుకో చెప్పాలంటే మూడేళ్లు వెనక్కి వెళ్లాలి.

నేనూ నా సహచరుడూ విడిపోయిన సంవత్సరం అది. పాపతో వేరే ఇంటికి మారాలి. ఇంటి అడ్వాన్సు, పాప కాలేజీ ఫీజు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఇదే బ్యాంకుకు వెళ్లి రెండు లక్షలు అప్పు అడిగాను. పద్నాలుగేళ్లుగా నా జీతం పడుతున్నది ఆ ఖాతాలోనే. అధికారి కంప్యూటర్లో చూసి, "మీకు చరిత్ర లేదు మేడం" అన్నాడు.

స్త్రీల శ్రమకు చరిత్రలో చోటు లేదని ఏళ్ల తరబడి ఉపన్యాసాలు ఇస్తున్నదాన్ని. ఆ మాట బ్యాంకు కౌంటరు దగ్గర నా మీదికే వస్తుందనుకోలేదు.

అతను చెప్పింది అప్పుల చరిత్ర. అందరూ సిబిల్ స్కోరు అంటుంటారే, అదన్నమాట. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకె నాకు తక్కువగా ఉండటం కాదు, అసలు లేదు. ఎలా లేదు? పదకొండేళ్లు నేను కార్డు వాడాను. కిరాణా, పాప పుస్తకాలు, రైలు టికెట్లు అన్నీ దాని మీదే. ఒక్క నెల తప్పకుండా బిల్లు నా జీతంలోంచే కట్టాను. కానీ అది నా సహచరుడి కార్డుకు అనుబంధంగా ఇచ్చిన యాడ్ ఆన్ కార్డు. ఇంట్లో రెండు కార్డులెందుకని పెళ్లయిన కొత్తలో అన్నది నేనే. నిబంధనల ప్రకారం అలాంటి కార్డు మీద బాధ్యత అసలు కార్డుదారుడిది. బాధ్యత ఎవరిదో చరిత్రా వారిదే. నేను కట్టిన ప్రతి రూపాయీ అతని నమ్మకస్తుడితనంగా నమోదైంది.

"మీవారి చేత సంతకం పెట్టిస్తే సులువవుతుంది మేడం" అన్నాడు ఆ అధికారి, మర్యాదగానే. లేచి వచ్చేశాను. అమ్మ మెడలోంచి గొలుసు తీసి ఇచ్చింది. తాకట్టు పెట్టి ఇల్లు మారాను. అమ్మమ్మ కాలంలో గండం ఎలా గట్టెక్కేదో, డాక్టరేటు చేసి ఉద్యోగం చేస్తున్న నా గండమూ అలాగే గట్టెక్కింది.

అప్పుడు అడిగితే లేదన్న బ్యాంకే ఇప్పుడు అడగకుండా ఇంటికి పంపింది. నన్ను ఆపింది అదే. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1958లో అమెరికాలోని ఫ్రెస్నో పట్టణంలో బ్యాంక్ ఆఫ్ అమెరికా సుమారు 60,000 మందికి అడగకుండానే కార్డులు పోస్టు చేసింది. కానీ అదే దేశంలో పెళ్లయిన స్త్రీ తనంతట తాను అప్పు అడిగితే భర్త సంతకం తెమ్మనేవారు. స్త్రీ అని, పెళ్లయిందని అప్పు నిరాకరించకూడదని చట్టం రావడానికి 1974 దాకా పట్టింది. ఆ చట్టం ఎవరి దయ వల్లా రాలేదు, మహిళా సంఘాలు కొట్లాడితే వచ్చింది.

మన దగ్గరికి వద్దాం. గుమ్మంలోకి వచ్చే అప్పు ఏం చేస్తుందో తెలుగు స్త్రీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మైక్రోఫైనాన్స్ సంస్థలు ఇంటింటికీ వచ్చి అప్పులిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఒకామె కట్టకపోతే మిగతా వాళ్లంతా ఆమె వాకిట్లో కూర్చోవాలి. ఆత్మహత్యల వార్తల తరువాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2020 చివర తెలంగాణలో ఫోన్ యాప్ అప్పుల వేధింపులకు ప్రాణాలు పోయాయి. స్త్రీలు పరువుకు భయపడి కట్టేస్తారు. అప్పిచ్చేవాడికి ఆ భయమే హామీ.

అందుకే మన ఉద్యమంలో పెద్దామె ఒకరు, "చించి పారెయ్యమ్మా, ఇందులో ఆలోచించడానికేముంది" అన్నారు. మా ఆఫీసులో చిన్నమ్మాయి, "తీసుకో అక్కా, నీ పేరు మీద ఏదో ఒకటి ఉండొద్దూ" అంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కాబట్టి ముందు లెక్క వేశాను.

ఆ చీమ అక్షరాల ప్రకారం వడ్డీ నెలకు మూడున్నర శాతం. మన భాషలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయలు. ఊళ్లో వడ్డీవ్యాపారి మూడు రూపాయలంటే అమ్మో అంటాం. బిల్లు మొత్తం గడువులోగా కడితే వడ్డీ లేదు, నిజమే. కొంత మిగిలిస్తే ఆ సౌకర్యం పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కపెడతారు. 20,000 రూపాయల బాకీ ఉందనుకోండి. 'కనీస మొత్తం' కడితే చాలంటారు, అంటే 5 శాతం చొప్పున 1,000 రూపాయలు. అందులో నెల వడ్డీ 700. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 126. అసలులో తగ్గేది 174 రూపాయలు. వెయ్యి కట్టామనే తృప్తి మనకి, 826 వాళ్లకి. ఇక కార్డుతో నగదు తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము.

దీనికి హద్దు లేదా అని అడుగుతారు. ఏడాదికి 30 శాతం మించితే అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి మన హద్దు మనమే గీసుకోవాలి.

అయితే చేతిలో కొన్ని ఆయుధాలున్నాయి. మీరు పనిచేసే చోట చెప్పండి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం అడగనిదే కార్డు ఇవ్వకూడదు. ఇచ్చి, సమ్మతి లేకుండా చాలూ చేసి బిల్లు వేస్తే, ఆ మొత్తం రద్దు చేయడమే కాక దానికి రెట్టింపు జరిమానా మనకు కట్టాలి. మన సమ్మతి లేకుండా పరిమితి పెంచకూడదు. బాకీ లేనప్పుడు కార్డు మూసెయ్యమంటే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆలస్యానికి రోజుకు 500 రూపాయలు ఇవ్వాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఒక్కొక్క రుణ సమాచార సంస్థ నుంచీ ఏడాదికోసారి మన నివేదిక ఉచితంగా తెప్పించుకోవచ్చు. మొదటిసారి అప్పు అడిగేవారిని కేవలం చరిత్ర లేదన్న కారణంతో తిప్పి పంపకూడదని 2025లో ఆర్థిక శాఖ పార్లమెంటుకు చెప్పింది. నాకు ఆ రోజు కౌంటరు దగ్గర ఇవేవీ తెలియవు. తెలిసి ఉంటే లేచి వచ్చేసేదాన్ని కాదు.

చివరికి నేనేం చేశాను? ఆ ఉత్తరం మీద సంతకం పెట్టలేదు. అలాగని చించనూ లేదు. ఇంకో కాగితం తీసుకుని బ్యాంకుకు నేనే ఒక దరఖాస్తు రాశాను. కార్డు నా ఒక్కదాని పేరు మీద కావాలి. లక్షన్నర వద్దు, పరిమితి 40,000 చాలు. నగదు తీసే సౌకర్యం వద్దు. బీమాలూ బహుమతులూ వద్దు. ప్రతి నెలా పూర్తి బిల్లు నా ఖాతాలోంచి దానంతటదే కట్టుబడేలా ఏర్పాటు చేయాలి. మూడేళ్ల కింద నా అప్పు దరఖాస్తును ఏ కారణంతో నిరాకరించారో రాతపూర్వకంగా చెప్పాలి. ఇందుకు ఒప్పుకోకపోతే నా ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా ఇచ్చే కార్డు ఎక్కడ దొరికితే అక్కడ తీసుకుంటాను.

జవాబు ఇంకా రాలేదు. రాకపోతే ముప్ఫై రోజులు ఎలా లెక్కపెట్టాలో ఇప్పుడు నాకు తెలుసు.

ఇది అందరికీ చెప్పే సలహా కాదు. నెలనెలా జీతం వచ్చేదాన్ని కాబట్టి పూర్తి బిల్లు కట్టగలనన్న ధీమా నాది. ఇళ్లల్లో పనిచేసే స్త్రీకీ, మిషను కుట్టే స్త్రీకీ ఆ ధీమా ఉండదు. వాళ్ల ఆదాయం ఎండాకాలం ఒకలా, పండక్కి ఒకలా ఉంటుంది. వాళ్లకు కావలసింది పొదుపు సంఘంలో తక్కువ వడ్డీకి దొరికే అప్పు, అది వాళ్ల పేరు మీదే నమోదు కావడం. కార్డు చేతికిచ్చి సాధికారత అంటే మనం ఒప్పుకోనక్కర్లేదు.

మీరంతా కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేస్తున్నారు. విడిపోవాలనుకునే స్త్రీ వచ్చినప్పుడు పెళ్లి ఫోటోలు, రేషను కార్డు, బంగారం లెక్క అడుగుతాం. ఇకనుంచి ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. నీ పేరు మీద ఏ అప్పులున్నాయి? నువ్వు కడుతున్న అప్పులు ఎవరి పేరు మీద ఉన్నాయి? మొదటి ప్రశ్నకు ఆమెకు తెలియని సంతకాలు బయటపడవచ్చు. రెండో ప్రశ్నకు నాలాంటి పదకొండేళ్లు బయటపడతాయి.