తాత కథ మళ్లీ తాత టేపులోకి



ఉట్నూరు వైపు గూడేల్లో తోటి కళాకారులు కిక్రి వాయిస్తూ చెప్పే పెర్సాపేన్ కథల్ని మేం పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నామని మీకు తెలుసు. ఈరోజు చెప్పేది దానికి తలకిందుల పని. ఒక తాత పాతికేళ్ల కిందట తాను చెప్పిన కథను మా ఫోన్‌లో విని, "మీ దగ్గరున్నది, మంచిదే బిడ్డా. నా ఇంట్ల నేనెట్ల వినాలె?" అన్నాడు. ఆయనకు ఫోన్ లేదు, టేప్ రికార్డర్ ఉంది. అసలు క్యాసెట్ నలిగి తెగిపోయింది.

కంప్యూటర్‌లో పాట అంకెలుగా ఉంటుంది. డ్యాట్ లాంటి కొన్ని పాత రికార్డర్లకు ఆప్టికల్ తీగతో ఆ అంకెల్నే పంపొచ్చు. క్యాసెట్‌కు ఆ దారి లేదు. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచే తీసుకోవాలి. తీగకు ఒక కొసన 3.5 మిల్లీమీటర్ల పిన్ను, ఇంకో కొసన ఎరుపు, తెలుపు పిన్నులు ఉంటాయి. ఆ రెండూ టేప్ డెక్ వెనక 'లైన్ ఇన్'లోకి పోవాలి.

మేం మొదట మైక్ రంధ్రంలో పెట్టాం. మైక్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, ఇయర్‌ఫోన్ రంధ్రం దానికి వందల రెట్లు ఇవ్వగలదు. కిక్రి రంపం కోసినట్టు వినపడింది. రెండోసారి, సరిగ్గా దేవుణ్ణి పిలిచే చోట, వాట్సాప్ టింగుమంది! తాత నవ్వాడు గానీ మాకు తలెత్తబుద్ధి కాలేదు.

మూడోసారి నెట్ ఆపాం. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేశాం, అది ఉన్నంతసేపూ గుయ్యిమంటోంది. డెక్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. రికార్డు, పాజ్ కలిపి నొక్కి, గొంతు బాగా లేచే చోటు వినిపించి, ముల్లు ఎరుపును అప్పుడప్పుడే తాకేలా సరిచేశాం. 60 నిమిషాల క్యాసెట్‌కు ఒక్కో పక్క 30 నిమిషాలే. కథ ఎక్కడ ఆగాలో తాతే చెప్పాడు. మాకు వదిలితే మాట మధ్యలో కోసేవాళ్లం.

ఒక్క తప్పు మాత్రం దిద్దుకోలేం. మొదటి ప్రయత్నానికి తాత ఇంట్లోని పాత క్యాసెట్ తీసుకున్నాం. దాని పై అంచున రెక్కలు విరిచి ఉన్నాయి. దీనిమీద రికార్డు చేయొద్దని ఎవరో పెట్టుకున్న గుర్తు అది. మేం ఆ గుంటకు టేపు అంటించి మరీ రికార్డు చేశాం. అందులో ఉన్నది చనిపోయిన ఆయన తమ్ముడి గొంతట. తాత ఏమీ అనలేదు. రెండో పక్క మిగిలింది, ఆ రాత్రే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఇప్పుడు ఏ పాత క్యాసెట్ చేతికొచ్చినా రెండు పక్కలా విని, కాపీ తీసుకున్నాకే ముట్టుకుంటున్నాం.

కొత్త క్యాసెట్‌ను తాత తన వాకిట్లో పెట్టుకుని విన్నాడు. ఒకచోట ఆపి, "ఇక్కడ ఒక పేరు మరిచిన" అని అక్కడి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి మా ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది.