ఒక సంఖ్యకు ఇద్దరు హక్కుదారులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను ఉద్యోగి గలడు. ఐదో పదియో గ్రామముల పొలిమేరలను, పొలములను, ఇండ్లను లెక్క వ్రాసియుంచుట అతని విధి. వ్రాత లేని ఊరిలో తగవు తప్పదు. నేడు పఠనాలయములలో బీరువాల ప్రక్కన కంప్యూటరులు వెలసినవి. వానికిని ఇదే ధర్మము వర్తించును.

వై-ఫై నిచ్చు రౌటరుతో కలసిన ప్రతి కంప్యూటరునకు, ఫోనునకు, ప్రింటరునకు ఒక్కొక్క సంఖ్య యుండవలెను. దానినే ఐ.పి. చిరునామా యందురు. అది 192.168.1.10 అనునట్లు నాలుగు భాగములుగా నుండును. 192.168తో మొదలగు సంఖ్యలు, 1996 నాటి కట్టుబాటు ననుసరించి, లోపలి వాడుకకై విడువబడినవి. కావున ఒకే సంఖ్య బందరులోను, గుడివాడలోను, అవనిగడ్డలోను ఏకకాలమున నుండవచ్చును. ప్రతి యూరిలోను ఒకటవ నంబరు ఇల్లుండుట లేదా? కాని ఒకే ఊరిలో రెండిండ్లకు ఒకే నంబరు తగదు.

ఈ సంఖ్యలను పంచునది రౌటరు. అది వానిని శాశ్వతముగా నీయక కౌలుకిచ్చును. యంత్రము అడుగును, రౌటరు ఒక సంఖ్యను చూపును, యంత్రము దానిని కోరును, రౌటరు ఖాయపఱచును. గడువులో సగము గడచునప్పటికి యంత్రము పొడిగింపు నడుగును. ఈ పద్ధతికి డి.హెచ్.సి.పి. యని పేరు. ఇందు ముఖ్యముగా వచ్చు తగవులు నాలుగు.

మొదటిది కౌలే దొరకకుండుట. కంప్యూటరు సంఖ్య 169.254తో మొదలైనచో రౌటరు నుండి జవాబు రాలేదని గ్రహింపవలెను. అది పట్టా లేక పోరంబోకులో వేసికొన్న పాక వంటిది. ఒక్క యంత్రమే అట్లున్నచో దాని తీగను, వై-ఫైని చూడవలెను. అన్నియు అట్లున్నచో రౌటరును ఆపి మరల వెలిగింపవలెను.

రెండవది ఒకే సంఖ్య ఇద్దరికి దక్కుట. ప్రింటరునకు ఎవరో చేతితో 192.168.1.105 అని పెట్టిపోవుదురు. ఆ సంగతి రౌటరు నెఱుగక అదే సంఖ్యను మఱియొకరికి కౌలుకీయవచ్చును. అప్పుడు కాగితము ఒకమారు వచ్చును, ఒకమారు రాదు. ప్రింటరు సంఖ్యను రౌటరులోనే ప్రత్యేకింపవలెను. లేదా కౌలు వరుసకు వెలుపలి సంఖ్య నీయవలెను.

మూడవది సంఖ్యలు చాలకుండుట. 100 మొదలు 149 వఱకు 50 సంఖ్యలే కౌలుకున్నవనియు, గడువు ఒక దినమనియు తలచుడు. ఉదయము పత్రికలు చదువ వచ్చినవారి ఫోనులు వానినన్నిటిని గైకొనును. వా రిండ్లకు పోయినను కౌలు తీరదు. దరఖాస్తు గడువు ముగియు సాయంకాలమున వచ్చిన విద్యార్థికి సంఖ్య మిగులదు. ఎగువవారు వాడని వంతును విడువకున్నచో శివారు చేనెండుట దివిసీమ రైతు లెఱుగనిది కాదు. గడువును రెండు గంటలకు తగ్గించి, వరుసను పెంచుటయే మందు.

నాలుగవది ఒక ఊరికి ఇద్దరు కరణములుండుట. వై-ఫై దూరము చాలదని రెండవ రౌటరును తెచ్చి కలుపుదురు. అదియు సంఖ్యలను పంచ నారంభించును. దాని చేత సంఖ్య పొందిన యంత్రమునకు చిరునామా యుండును గాని బయటికి దారి దొరకకపోవచ్చును. రెండవదానిలో పంపకమును నిలిపివేయవలెను.

ఇంటర్నెట్టు తొలినాళ్ళలో ప్రపంచపు సంఖ్యల లెక్కను అమెరికాలో జాన్ పోస్టెల్ అను పండితుడు చూచుచుండెను. ఆయన 1998లో మరణించెను. సుమారు 429 కోట్ల సంఖ్యల కేంద్ర నిలువ 2011 ఫిబ్రవరిలో తీరిపోయినది. అంత పెద్ద లోకమునకును ఎవరికేది యిచ్చినది వ్రాసిపెట్టు చేయి కావలసివచ్చినది.

ఆంధ్రదేశమున కరణము పదవి 1984లో రద్దయినది. లెక్క యొక్క అవసరము రద్దు కాలేదు. పుస్తకములు తీసికొన్నవారి పేర్లు వ్రాయు రిజిస్టరు ప్రక్కనే మఱియొక చిన్న పుస్తకముండవలెను. అందు యంత్రము పేరు, దాని సంఖ్య, తేది, మార్చినవారి సంతకము వ్రాయవలెను. ఆ నాలుగు గడులు నిండియున్నచో తగవు నిమిషములలో తీరును. లేనిచో గడువునాటి సాయంకాలమున ఒక పేద విద్యార్థికి ఏడాది చదువు చేజారును.